కంప్యూటరు తెర మీద మబ్బు
(సంఘం వార్షిక సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు నెల కిందట నన్ను పిలిచి, "మాస్టర్ సాబ్, ఈసారి సభలో పిల్లల చదువు గురించి మీరు నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. "తప్పకుండా చెప్తాను. మబ్బుల గురించి చెప్తాను" అన్నాను. "వానల గురించా?" అన్నారాయన. "కాదు సాబ్, సినిమాల్లో కంప్యూటరుతో తయారుచేసే మబ్బుల గురించి" అన్నాను. ఆయన నా ముఖం కేసి ఒకసారి చూసి, నవ్వి ఊరుకున్నారు. మీరూ నవ్వుకోవచ్చు. కాని కొంచెం ఓపిక పట్టండి. ఇది చదువు సంగతే. మన ఇళ్లలో డబ్బు సంగతి కూడా.

నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. తెలుగులో ఇంత పెద్ద సభను ఉద్దేశించి మాట్లాడటం నాకు అలవాటు తక్కువ. తప్పులు దొర్లితే పెద్ద మనసుతో మన్నించాలని మనవి.

చాలా ఏళ్ల కిందటి మాట. తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతున్నాను. కిటికీ పక్కన కూర్చున్న ఒక పిల్లవాడు లేచి, "సార్, మబ్బంటే నీళ్లే కదా. నీళ్లకు రంగు లేదు కదా. మరి ఒక మబ్బు తెల్లగా, ఒక మబ్బు నల్లగా ఎందుకుంటుంది?" అని అడిగాడు. పరీక్షలు దగ్గరపడ్డాయి, పాఠాలు ఇంకా మిగిలాయి. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఆ తరువాత ఏడాదంతా మళ్లీ ఏ ప్రశ్నా వేయలేదు. అప్పుడు నేను అది గమనించనైనా లేదు.

ఆ పిల్లవాడే పెద్దవాడై యానిమేషన్ కోర్సులో చేరాడు. తండ్రి ఆటో నడుపుతాడు. తల్లి తన గాజులు కుదువపెట్టి ఫీజు కట్టింది. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అలాంటివి అన్ని ఊళ్లలోనూ ఉన్నాయి. అక్కడ ఏ మీట నొక్కితే ఏమి వస్తుందో నేర్పారు. ఎందుకు వస్తుందో నేర్పలేదు. కోర్సు అయ్యాక హైదరాబాదులో ఒక కంపెనీ పరీక్ష పెట్టింది. అయిదు సెకన్ల మబ్బు చేసి తీసుకురమ్మంది. చేసి తీసుకుపోయాడు. చూసిన పెద్దమనిషి ఒకే ఒక మాట అన్నాడట: "ఇది మబ్బు కాదు బాబూ, పొగ."

వాడు ఊరికి తిరిగివచ్చి, ఒక సాయంత్రం లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "సార్, ఇందులో తప్పేమిటి?" అని అడిగాడు. చూశాను. నిజంగానే పొగలాగే ఉంది. ఎందుకలా ఉందో నాకూ తెలియదు. "సిలబస్‌లో లేదు" అని ఈసారి అనలేకపోయాను. ఇద్దరం మా మిద్దె మీదికి పోయి ఆకాశం చూస్తూ కూర్చున్నాం. అలా చాలా సాయంత్రాలు కూర్చున్నాం. పగలు దొరికిన వ్యాసాలు చదివాం. అప్పుడు వాడి మబ్బులో నాలుగు తప్పులు కనిపించాయి. ఆ నాలుగు తప్పులే ఈ రోజు నా ప్రసంగం.

ముందు, అసలు మబ్బంటే ఏమిటో చూద్దాం.

మబ్బులో ఉండేది ఆవిరి అని చాలామంది అనుకుంటారు. ఆవిరి కంటికి కనపడదు. మనకు కనిపించేవి సన్నని నీటి బిందువులు, బాగా ఎత్తున అయితే మంచు పలుకులు. మామూలుగా ఒక్కొక్క బిందువు అడ్డుకొలత మిల్లీమీటరులో 50వ వంతు. తల వెంట్రుక కన్నా సన్నం. అంత చిన్నది కాబట్టే సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున మాత్రమే కిందికి జారుతుంది. పైకి లేచే గాలి దాన్ని సులభంగా నిలబెడుతుంది. రెండు మిల్లీమీటర్ల వానచినుకు ఒకటి తయారు కావాలంటే ఇలాంటి బిందువులు పది లక్షలు కలవాలి.

ఎండాకాలం సాయంత్రాల్లో కనిపించే దూదిగుట్టలాంటి తెల్ల మబ్బులో ఘనమీటరుకు సుమారు అరగ్రాము నీళ్లుంటాయి. చాలా తక్కువ కదా? కాని కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, కిలోమీటరు ఎత్తు ఉన్న మబ్బును లెక్క వేయండి. వంద కోట్ల ఘనమీటర్లు. అంటే 500 టన్నుల నీళ్లు. లారీకి పది టన్నుల చొప్పున యాభై లారీలు మన నెత్తి మీద తేలుతున్నాయన్న మాట.

ఇప్పుడు కంప్యూటరు సంగతి. కంప్యూటరు బొమ్మల్లో కుర్చీ, కారు, మనిషి ముఖం, ఇవన్నీ చిన్న చిన్న త్రికోణాలను అతికి చేస్తారు. అంటే వస్తువు పై చర్మం మాత్రమే చేస్తారు. లోపల డొల్ల. కారుకు అది సరిపోతుంది. కాని మబ్బుకు చర్మం లేదు. ఇక్కడ మొదలై ఇక్కడ ముగిసింది అని గీత గీయడానికి వీలు లేదు. కనుక మబ్బును ఎన్ని త్రికోణాలతో చేసినా ఉబ్బిన ప్లాస్టిక్ సంచిలా ఉంటుంది. పాత సినిమాల్లో ఈ బాధ లేకుండా తెర మీద రంగులతో చేత్తో వేసేవారు. కెమేరా నిలబడి ఉన్నంతసేపు అది బాగుంటుంది. కెమేరా మబ్బులోకి దూరిపోవాలంటే కుదరదు.

వాడి మొదటి తప్పు అంచుల్లో ఉంది. మబ్బు అంచు చుట్టూతా ఒకే తీరున, నీళ్లు పడి అలుక్కుపోయిన సిరాలా మసకగా ఉంది. నిజం మబ్బును చూడండి. పైన పువ్వుకోసు గడ్డలా గట్టి మొటిమలు. వాటి మీద చిన్న మొటిమలు. ఇంకో పక్క చినిగిన చీరంచులా పీచులు. ఈ వంకరలన్నీ చేత్తో ఎవరు చెక్కగలరు?

ఇక్కడే కెన్ పెర్లిన్ అనే అమెరికా ఆయన పేరు చెప్పుకోవాలి. ఆయన 1982లో వచ్చిన "ట్రాన్" అనే సినిమాకు కంప్యూటరు బొమ్మల పని చేశాడు. ఆ బొమ్మలన్నీ మరీ నున్నగా, యంత్రంలో పోతపోసినట్టు ఉన్నాయని ఆయనకు అసంతృప్తి కలిగింది. ప్రకృతిలో ఉండే గజిబిజిని లెక్కగా రాయడం ఎలా అని ఆలోచించి, ఒక పద్ధతి కనిపెట్టి 1985లో ప్రచురించాడు. దాన్ని పెర్లిన్ నాయిస్ అంటారు. 1997లో ఆయనకు ఆస్కార్ వారి సాంకేతిక పురస్కారం ఇచ్చారు.

అదేమిటో నా పద్ధతిలో చెప్తాను. పాత టీవీల్లో ప్రసారం ఆగిపోతే తెర మీద చుక్కల వాన కురిసేది, జ్ఞాపకముందా? అది ఉత్త గజిబిజి. ఒక చుక్కకూ పక్క చుక్కకూ సంబంధం లేదు. మబ్బు అలా ఉండదు. మబ్బులో ఒక చోట చిక్కదనం ఉంటే దాని పక్కన కూడా కొంచెం అటూ ఇటూగా అంతే ఉంటుంది. మెల్లగా మారుతుంది. పెర్లిన్ లెక్క ఇచ్చేది అలాంటి మెల్లగా మారే గజిబిజి. ముందు పెద్ద పెద్ద మిట్టపల్లాలు వేస్తారు. వాటి మీద సగం సైజు మిట్టపల్లాలు, సగం బలంతో. వాటి మీద మళ్లీ సగం, మళ్లీ సగం. అయిదారుసార్లు ఇలా కలిపేసరికి మొటిమ మీద మొటిమ తనంతట తానే వచ్చేస్తుంది. అదే 1985లో జెఫ్రీ గార్డ్నర్ అనే ఆయన కోడిగుడ్డు వంటి ఆకారాలను పేర్చి, వాటి అంచులను లెక్క ప్రకారం కనపడీ కనపడకుండా చేసి, ఆనాటి యంత్రాల మీదనే నమ్మదగిన మబ్బులను చూపించాడు.

మా వాడు చేసిందేమిటంటే, మసక చేసే మీటను గట్టిగా నొక్కాడు. పెర్లిన్ నాయిస్ మీట కూడా వాడి సాఫ్ట్‌వేరులో ఉంది. అది దేనికో ఎవరూ చెప్పలేదు.

రెండో తప్పు మబ్బు అడుగున ఉంది. వాడి మబ్బు అన్ని వైపులా లడ్డూలా గుండ్రంగా ఉంది. నిజం దూదిమబ్బుకు పైన గుట్టలున్నా అడుగు మాత్రం బల్లపరుపుగా ఉంటుంది. ఒక్కటే కాదు, ఆ పూట ఆకాశంలో ఉన్న అలాంటి మబ్బులన్నిటికీ అడుగు దాదాపు ఒకే ఎత్తులో ఉంటుంది. ఎందుకని? నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. లేచే గాలి కిలోమీటరుకు సుమారు పది డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఒక ఎత్తుకు చేరేసరికి అందులోని ఆవిరి బిందువులుగా మారుతుంది. ఆ ఎత్తే మబ్బు అడుగు. ఆవిరి నీరుగా మారినప్పుడు వేడి విడుదలవుతుంది. ఆ వేడితో గాలి ఇంకా పైకి ఉబుకుతుంది. అందుకే పైన గుట్టలు.

ఇది తెలిసినవాడికి ఏ సాఫ్ట్‌వేరు ఇచ్చినా ముందు ఒక సమతలం పెట్టుకుని దాని మీద గుట్టలు లేపుతాడు. తెలియనివాడు లడ్డూ చేస్తాడు. లండన్‌లో మందుల తయారీ చేసుకునే లూక్ హోవర్డ్ అనే ఆయన 1802లో మనలాంటి ఒక చిన్న సంఘం సభ్యుల ముందు ప్రసంగం చేసి మబ్బులకు జాతులు విడదీసి పేర్లు పెట్టాడు. దూదిగుట్ట మబ్బు, పరచిన మబ్బు, వెంట్రుకల మబ్బు అని. ఈ రోజుకూ వాతావరణ శాఖల్లో ఆ లాటిన్ పేర్లే వాడుతున్నారు. ఆయన దగ్గర పెద్ద యంత్రాలేమీ లేవు. ఏళ్ల తరబడి ఆకాశం చూసిన అలవాటు ఉంది.

మూడో తప్పు అన్నిటికన్నా పెద్దది. రంగు. మా వాడి మబ్బు బూడిద రంగులో, పొయ్యి మీద పొగలా ఉంది. ఇది అర్థం కావడానికి నేను ఇంటి నుంచి మూడు వస్తువులు తెచ్చాను. పటికబెల్లం, దూది, టార్చిలైటు. పిల్లలు ముందుకు రండి.

ఈ పటికబెల్లం గడ్డను చూడండి. అద్దంలా ఉంది. దీన్నే దంచిన పొడి ఇది. తెల్లగా ఉంది. రంగు ఏమైనా కలిపామా? లేదు. గడ్డలోంచి వెలుగు తిన్నగా దూరిపోయింది. పొడిలో వేలకొద్దీ ముఖాలు ఏర్పడి, వెలుగు ఒక్కొక్క చోట తిరిగి తిరిగి చెల్లాచెదురుగా బయటికి వచ్చింది. దాన్నే తెలుపు అంటున్నాం. మబ్బు కూడా నీళ్లను పొడి చేసినట్టే. నీటి బిందువు వెలుగును మింగదు. దారి మాత్రం తిప్పుతుంది. ఒక బిందువు తిప్పింది ఇంకో బిందువుకు తగులుతుంది. అలా పదులు, వందల మలుపులు తిరిగి బయటపడుతుంది.

ఇప్పుడు ఈ దూది. మా వీధిలో ఒకప్పుడు దూదేకే పెద్దాయన ఉండేవారు. విల్లు మీటుతూ దూది ఏకుతుంటే గది నిండా మబ్బులే. దూది వెనుక టార్చి పెడుతున్నాను. చూడండి. పలచని అంచులు ధగధగ మెరుస్తున్నాయి. మధ్యలో మందంగా ఉన్న చోటు నల్లగా ఉంది. బేటా, నువ్వు ఇటు టార్చి వైపుకు వచ్చి చూడు. ఏ రంగు? తెలుపు. అదే దూది. అటు నుంచి నలుపు, ఇటు నుంచి తెలుపు. వానమబ్బు నలుపు కూడా ఇంతే. అది మందం. సూర్యుడి వెలుగులో చాలా భాగం పై నుంచే వెనక్కి పోతుంది. అడుగున నిలబడ్డ మనకు చేరేది కొంచెమే. విమానంలో పైనుంచి చూస్తే ఆ నల్లమబ్బే కళ్లు చెదిరే తెలుపు.

చాలా ఏళ్ల కిందట తొమ్మిదో తరగతి పిల్లవాడు నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. రూపాయి దూది, ఒక టార్చి. అయిదు నిమిషాల పని. నేను చెప్పలేదు.

ఈ వెలుగు ప్రయాణాన్ని కంప్యూటరుకు ఎలా నేర్పారో చెప్తాను. ముందు మబ్బు ఉండే చోటును చిన్న చిన్న గళ్లుగా విభజిస్తారు. ప్రతి గడిలో ఒక సంఖ్య, అక్కడ మబ్బు ఎంత చిక్కన అని. మనం చెప్పుకున్న కిలోమీటరు మబ్బుకు మీటరు గళ్లు వేస్తే వంద కోట్ల గళ్లు. అందులో చాలా భాగం ఖాళీ ఆకాశమే. ఖాళీ ఇళ్లను వదిలి, మనుషులున్న ఇళ్లను మాత్రమే రిజిస్టరులో ఎక్కించినట్టు, చిక్కదనం ఉన్న గళ్లను మాత్రమే రాసిపెట్టే పద్ధతిని డ్రీమ్‌వర్క్స్ సంస్థలో కెన్ మ్యూసెత్ బృందం తయారుచేసింది. ఓపెన్ వి.డి.బి. అని దాని పేరు. 2012లో దాన్ని లోకానికంతటికీ ఉచితంగా ఇచ్చేశారు.

తరువాత, కంటి దగ్గరి నుంచి ఒక గీత బయలుదేరి మబ్బులోకి దూరుతుంది. అడుగడుగునా ఆగి, ఇక్కడ ఎంత చిక్కన, సూర్యుడి వెలుగు ఇక్కడి దాకా ఎంత చేరింది అని లెక్క వేస్తుంది. వెయ్యేళ్ల కిందట బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైసమ్ తన "కితాబుల్ మనాజిర్"లో, చూపు కంటి నుంచి బయటికి పోదు, వెలుగే వస్తువు మీది నుంచి కంటికి వస్తుంది అని వాదించి నిలబెట్టాడు. కంప్యూటరువాళ్లు ఆ దారినే తలకిందులుగా నడుస్తారు. సూర్యుడి నుంచి బయలుదేరిన కిరణాలన్నిటినీ లెక్కించడం అసాధ్యం కనుక, కంటికి చేరే వాటినే వెనక్కి పట్టుకుపోతారు.

మందం పెరిగే కొద్దీ వెలుగు ఎలా తగ్గుతుందో చెప్పే సూత్రాన్ని బీర్ సూత్రం అంటారు. పది మీటర్లకు సగం వెలుగు మిగులుతుందనుకోండి. ఇరవై మీటర్లకు పావు. వంద మీటర్లకు 1024లో ఒక వంతు. ఇది మన పదో తరగతి గుణశ్రేఢి. మా వాడి సాఫ్ట్‌వేరు ఇంతవరకే లెక్క వేసింది. దారి తిరిగిన వెలుగంతా చచ్చిపోయినట్టే లెక్కకట్టింది. పొగలో మసి నిజంగానే వెలుగును మింగుతుంది. అందుకే వాడి మబ్బు పొగ అయింది. ఆ పెద్దమనిషి అన్నమాట అక్షరాలా నిజం. పొగకూ మబ్బుకూ తేడా, వెలుగును మింగడమా, తిప్పి పంపడమా అన్నదే.

1982లో జేమ్స్ బ్లిన్ మబ్బులో వెలుగు ఒకసారి మలుపు తిరిగే లెక్క రాశాడు. శనిగ్రహం చుట్టూ ఉండే వలయాల బొమ్మలు గీయడం ఆయన పని. 1984లో కాజియా, వాన్ హెర్జన్ అనే ఇద్దరు అనేక మలుపుల లెక్కకు దారి వేశారు. ఇంకో సంగతి, బిందువుకు తగిలిన వెలుగు అన్ని వైపులకూ సమంగా పోదు. ఎక్కువ భాగం ముందుకే పోతుంది. అందుకే సూర్యుడికి అడ్డొచ్చిన మబ్బుకు వెండి జరీ అంచు మెరుస్తుంది. దీన్ని లెక్కించే సూత్రం 1941లో హెన్యే, గ్రీన్‌స్టీన్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్రాల మధ్య ఉండే దుమ్ము కోసం రాసింది. వాళ్లు సినిమాల కోసం రాయలేదు. ఏ చదువు ఎక్కడ అక్కరకు వస్తుందో చూడండి.

ఈ మలుపులన్నిటినీ నిజాయితీగా లెక్కవేస్తే చాలా సమయం పడుతుంది. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు. అయిదు సెకన్లకు 120. ఒక్కొక్క దానికి గంట పట్టిందనుకుంటే అయిదు రోజులు. అందుకని 2017లో డిస్నీ పరిశోధకులు, ముందుగా చాలా మబ్బుల లెక్కలు చేయించి, వాటిని చూసి నేర్చుకున్న కృత్రిమ మేధతో అనేక మలుపుల ఫలితాన్ని ఊహించే పద్ధతి ప్రకటించారు. ఆటల సంగతి ఇంకా కష్టం. అక్కడ పిల్లవాడు మీట నొక్కిన క్షణంలోనే బొమ్మ రావాలి. హాలెండు కంపెనీ ఒకటి 2017లో విడుదల చేసిన "హొరైజన్ జీరో డాన్" అనే ఆటలో, మబ్బులన్నిటికీ కలిపి సెకనులో 500వ వంతు సమయమే కేటాయించుకున్నారు. అందులోనే అంచుల జరీ, కడుపులో నలుపు, బల్లపరుపు అడుగు అన్నీ తెప్పించారు. ఎలా? ఏది కంటికి ముఖ్యమో, ఏది వదిలేసినా ఫరవాలేదో వాళ్లకు తెలుసు. నిజం మబ్బు తెలిసినవాడికే ఎక్కడ పొదుపు చేయాలో తెలుస్తుంది.

నాలుగో తప్పు నడక. వాడి మబ్బు గూడ్సు బండిలా, ఉన్నది ఉన్నట్టు ఎడమ నుంచి కుడికి పోయింది. మిద్దె మీద కూర్చుని ఒకే మబ్బును పది నిమిషాలు చూడండి. అది కదలడమే కాదు, ఒక పక్క పుడుతూ ఇంకో పక్క కరిగిపోతూ ఉంటుంది. పైకి ఉబికి, బయటికి మడత పడి, అంచుల్లో పొడిగాలి తగిలి ఆరిపోతుంది. గాలి ప్రవాహాన్ని చూపే సమీకరణాలు పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నాయి. వాటిని కంప్యూటరులో వేస్తే, సంఖ్యలు అదుపు తప్పి బొమ్మ పేలిపోయేది. 1999లో జోస్ స్టామ్ అనే ఆయన, కొంచెం ఖచ్చితత్వం వదులుకుని, ఎన్నడూ పేలిపోని పద్ధతి ఇచ్చాడు. ఈనాడు తెర మీద కనిపించే పొగ, మబ్బు, మంట కదలికల్లో చాలావాటికి అదే పునాది.

ఇవన్నీ అమెరికా, యూరపు సంగతులు కదా, మనకెందుకు అనవచ్చు. 2017లో వచ్చిన "బాహుబలి" రెండో భాగంలో ఓడ రెక్కలు విప్పి మబ్బుల్లో తేలిపోయే పాట మీరంతా చూసే ఉంటారు. ఇలాంటి పని చేసే కంపెనీలు మన హైదరాబాదులోనే చాలా ఉన్నాయి. మన పిల్లలు వాటిలో పనిచేస్తున్నారు. కాని చాలామంది చేసేది రోటో అనే పని. సినిమాలో మనిషి చుట్టూ, ఒక్కొక్క బొమ్మలో గీత గీసి వేరుచేయడం. ఓపికతో కూడిన కష్టమే, కాదనను. ఇప్పుడు ఆ పనిని యంత్రాలు నేర్చుకుంటున్నాయి. మీట నొక్కడం మాత్రమే వచ్చినవాడి పని ముందుగా పోతుంది.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి మూడు మాటలు.

మొదటిది. గాజులు కుదువపెట్టే ముందు, ఫీజు కట్టే ముందు, ఆ సంస్థకు పోయి ఒక ప్రశ్న అడగండి. "మా పిల్లవాడికి లెక్కలు, వెలుగు, బొమ్మ గీయడం నేర్పుతారా, లేక సాఫ్ట్‌వేరు మాత్రమేనా?" జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే లేచి వచ్చేయండి.

రెండోది. సాఫ్ట్‌వేరు కోసం డబ్బు పోయనక్కర లేదు. బ్లెండర్ అనేది 2002 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది. నేను చెప్పిన గళ్ల మబ్బు, పెర్లిన్ తరహా గజిబిజి, అనేక మలుపుల వెలుగు అన్నీ అందులో ఉన్నాయి. 2024లో లాట్వియా అనే చిన్న దేశపు దర్శకుడు ఆ బ్లెండర్‌తోనే "ఫ్లో" అనే సినిమా చేశాడు. 2025లో దానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. డిస్నీ వారు కూడా తాము చేసిన ఒక మబ్బు తాలూకు సంఖ్యలన్నీ ఉచితంగా పెట్టారు. ఎవరైనా దించుకుని సాధన చేసుకోవచ్చు. పాత కంప్యూటరు మీద నెమ్మదిగా నడుస్తుంది. రాత్రి వేసి పొద్దున చూసుకోవాలి. అంతే.

మూడోది మన సంఘానికి. మన గ్రంథాలయం గదిలో రెండు కంప్యూటర్లు పెడితే, శనివారం సాయంత్రాలు నేను వచ్చి కూర్చుంటాను. ఆడపిల్లలు కూడా రావాలి. ఉర్దూ మీడియం పిల్లలకు ఇంగ్లీషు రాదని జంకు. వాళ్లతో ఒకటే చెప్తాను. సగం, పావు, అరపావు అనే లెక్క ఏ భాషలో చేసినా ఒకటే. మనం ఉర్దూలో బిఖర్‌నా అన్నా, మీరు తెలుగులో చెదరడం అన్నా, వెలుగు ఒకే తీరున చెదురుతుంది. అర్థమైనవాడికి నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్చుకోవడం పెద్ద పని కాదు.

ఆ అబ్బాయి సంగతి ఏమైందని అడుగుతారు. మళ్లీ చేశాడు. అడుగు బల్లపరుపుగా పెట్టాడు. వెలుగును తిప్పి పంపాడు. ఒక పక్క పుట్టించి, ఇంకో పక్క కరిగించాడు. అదే కంపెనీ కాదు, ఇంకో చిన్న కంపెనీ వాణ్ణి తీసుకుంది. జీతం పెద్దది కాదు. గాజుల్లో ఒకటి విడిపించారు, ఒకటి ఇంకా ఉంది. గొప్పవాడైపోయాడని నేను చెప్పడం లేదు. మొన్న ఫోను చేసి, "సార్, ఇక్కడ కొత్తవాళ్లకు దూది, టార్చి పెట్టి చూపిస్తున్నాను" అన్నాడు. నాకు అది చాలు.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఇప్పుడు క్లాసులో ఎవరైనా సిలబస్‌లో లేని ప్రశ్న వేస్తే, తెలిస్తే చెప్తున్నాను. తెలియకపోతే, "నాకూ తెలియదు బేటా, ఇద్దరం చూద్దాం" అంటున్నాను. అలా అనడానికి నాకు ఇరవై ఏళ్ల ఉద్యోగం పట్టింది. తల్లులారా, తండ్రులారా, ఇంట్లో మీ పిల్లలు ఆకాశం చూసి ఏదైనా అడిగితే, "పోయి చదువుకో" అనకండి. వాడు అడుగుతున్నది కూడా చదువే.

 బయట మబ్బు పట్టింది. ఇంటికి పోయేటప్పుడు ఒకసారి తల ఎత్తి చూడండి. ఖుదా హాఫిజ్. జై హింద్.